ప్రాధాన్య ఓటు విధానం: న్యాయబద్ధత

నిర్వచనం, పరిధి

బరిలో ఉన్న అభ్యర్థులలో ఒక్కరిని ఎంచుకుని ఊరుకోకుండా, తన ఇష్టాన్ని బట్టి వారికి 1, 2, 3 అంటూ వరుస అంకెలు వేసే వీలు ఓటరుకు ఉన్న ఎన్నికల పద్ధతిని ప్రాధాన్య ఓటు విధానం అంటారు. ఒకే స్థానానికి జరిగే ఎన్నికలో, చెల్లిన ఓట్లలో సగానికి మించిన మొదటి ప్రాధాన్య ఓట్లు ఎవరికైనా వస్తే లెక్కింపు అక్కడితో ముగుస్తుంది. రాకపోతే అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని తప్పిస్తారు. ఆ అభ్యర్థి బ్యాలెట్లను వాటిపై ఉన్న తర్వాతి అంకె ప్రకారం మిగిలినవారికి పంచుతారు. విజేత తేలేదాకా ఇదే సాగుతుంది. తెలుగు పత్రికలు ‘ఎలిమినేషన్ ప్రక్రియ’ అని రాసేది దీన్నే. ఒకటికి మించిన స్థానాలు ఉన్నప్పుడు ఇదే సూత్రం ఏక ఓటు బదిలీ పద్ధతిగా మారి, పార్టీల బలాన్ని బట్టి స్థానాలు దక్కేలా పనిచేస్తుంది.

ఇది న్యాయమైన పద్ధతేనా అన్న చర్చ రెండు వందల ఏళ్లకు పైగా నడుస్తోంది. సమర్థకులు దీనివల్ల విజేతకు నిజమైన మెజారిటీ దక్కుతుందంటారు. విమర్శకులు కొందరు ఓటర్లకు రెండు ఓట్లు ఇచ్చినట్టవుతుందంటారు. రెండు మాటలూ సరిచూడవలసినవే. ఓట్ల చీలిక వల్ల ఎక్కువమంది వద్దనుకున్న వ్యక్తి గెలవడాన్ని ఈ పద్ధతి చాలావరకు ఆపుతుంది. అందరికీ ఆమోదయోగ్యుడైన వ్యక్తే గెలుస్తాడన్న హామీ మాత్రం ఇవ్వదు. ఆపగలిగినదాన్ని కూడా ఎంతవరకు ఆపుతుందన్నది ఓటర్లు 1 తర్వాత అంకెలు వేస్తున్నారా లేదా అన్నదానిపైనే ఆధారపడుతుంది. కాబట్టి ఈ విధానంలోని న్యాయం లెక్కింపు సూత్రంలో కన్నా ఓటు చివరిదాకా లెక్కలో నిలిచేలా చూసే నిబంధనలలోనే ఎక్కువగా ఉంది.

చరిత్ర

అభ్యర్థులను వరుసలో పెట్టి ఎన్నుకోవాలన్న ఆలోచనపై ఫ్రెంచి విప్లవానికి ముందే పారిస్ శాస్త్రవేత్తల మధ్య వాదం నడిచింది. బోర్దా ఒక్కొక్క వరుస స్థానానికి ఇన్ని మార్కులని ఇచ్చి కూడమన్నాడు. కాండోర్సే 1785లో వెలువరించిన గ్రంథంలో ఇద్దరిద్దరి చొప్పున పోల్చి చూడమన్నాడు. అలా పోల్చినప్పుడు ప్రతి ప్రత్యర్థినీ ఓడించగల వ్యక్తి ఉంటే ఆ వ్యక్తే అసలైన విజేత అన్నది ఆయన వాదం. ఆ కొలమానం నేటికీ ఆయన పేరుతోనే నిలిచింది. ఓటును ఒకరినుంచి ఒకరికి బదిలీ చేసే పద్ధతిని 19వ శతాబ్ది మధ్యలో డెన్మార్క్‌లో కార్ల్ ఆండ్రే, ఇంగ్లండ్‌లో థామస్ హేర్ ఎవరికి వారే రూపొందించారు. జాన్ స్టూవర్ట్ మిల్ హేర్ పద్ధతిని గట్టిగా సమర్థించాడు.

జాతీయ స్థాయిలో దీన్ని స్థిరంగా నిలబెట్టిన దేశం ఆస్ట్రేలియా. అక్కడ ఈ మార్పు తెచ్చింది సిద్ధాంతం కాదు, ఒక ఓటమి. 1918 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. లేబర్ వ్యతిరేక ఓటు నేషనలిస్టు అభ్యర్థికీ రైతుల అభ్యర్థికీ మధ్య చీలింది. దాదాపు 34 శాతం ఓట్లతో లేబర్ అభ్యర్థి ఎడ్విన్ కార్బాయ్ గెలిచాడు. అప్పటి నేషనలిస్టు ప్రభుత్వం ఆ ఏడాదే ప్రాధాన్య ఓటును చట్టం చేసింది. డిసెంబరులో కొరంగమైట్ ఉప ఎన్నికలో దాన్ని తొలిసారి వాడారు. మొదటి ప్రాధాన్యాలలో ముందున్న లేబర్ అభ్యర్థి జేమ్స్ స్కల్లిన్ ఆ లెక్కింపులో ఓడిపోయాడు. పాలకపక్షం తన అవసరం కోసం చేసిన చట్టం కదా, అందులో న్యాయమెక్కడిది అని అడగవచ్చు. తర్వాతి చరిత్ర దీనికి జవాబు చెబుతుంది. 1990లో మొదటి ప్రాధాన్యాలలో ప్రతిపక్ష కూటమికన్నా వెనుకబడిన లేబర్ పార్టీ, చిన్న పార్టీల ఓటర్ల రెండో ప్రాధాన్యాలతో బాబ్ హాక్ నాయకత్వంలో అధికారం నిలుపుకుంది. నిబంధన దాన్ని పుట్టించిన పక్షానికే శాశ్వతంగా కట్టుబడి ఉండలేదు.

ఐర్లండ్‌లో ప్రభుత్వాలు 1959లోనూ 1968లోనూ ఏక ఓటు బదిలీ పద్ధతిని తీసివేయడానికి ప్రజాభిప్రాయం కోరగా, రెండుసార్లూ ఓటర్లు వద్దన్నారు. బ్రిటన్‌లో ఇందుకు భిన్నంగా 2011 ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 68 శాతం మంది ఒకే స్థానానికి వాడే ప్రాధాన్య ఓటును తిరస్కరించారు. చూడండి: ఏక ఓటు బదిలీ పద్ధతి, ప్రజాభిప్రాయ సేకరణ.

లెక్కింపు తీరు

భారత రాజ్యాంగం రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, రాజ్యసభ ఎన్నికలకూ, శాసనమండలికి ఎన్నికయ్యే స్థానాలకూ ఈ విధానాన్నే నిర్దేశించింది. రాష్ట్రపతి ఎన్నికను 55వ అధికరణ నైష్పత్తిక ప్రాతినిధ్యమని పేర్కొంటుంది గాని, ఒకే పదవిని నిష్పత్తి ప్రకారం పంచడం కుదరదు. ఆచరణలో అది మెజారిటీని తేల్చే పద్ధతే.

లెక్కింపు దశలు స్పష్టంగా కనిపించే ఉదాహరణ 1969 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఎన్నిక. బరిలో 15 మంది ఉన్నా అసలు పోటీ ఇద్దరు తెలుగువారి మధ్యే జరిగింది. ఒకరు ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. మరొకరు బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలుపునకు కావలసిన కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యాలలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ కోటా అందలేదు. కింది స్థానాల్లోని వారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ రాగా చివరికి గిరి 4,20,077కు, సంజీవరెడ్డి 4,05,427కు చేరారు. గిరి కోటాను దాటింది 1,908 విలువతోనే. రెండో ప్రాధాన్యాలలో పెద్ద భాగం సంజీవరెడ్డికే వెళ్లింది. అయినా తొలి ఆధిక్యం వల్ల గిరి నిలబడ్డారు. తర్వాతి ప్రాధాన్యాలు లెక్కించి తేల్చిన రాష్ట్రపతి ఎన్నిక మన దేశంలో ఇదొక్కటే. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు గనుక ఆయనకు ఈ లెక్కింపుతో మళ్లీ పని పడలేదు.

పలు స్థానాల ఎన్నికలో కోటా చిన్నదవుతుంది. 175 మంది ఎమ్మెల్యేలున్న ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుంచి మూడు రాజ్యసభ స్థానాలు నింపాలంటే, అందరూ ఓటేసి అవన్నీ చెల్లితే, ఒక్కొక్కరికి 44 ఓట్లు కావాలి. కోటాకు మించి వచ్చిన ఓట్లు కూడా వృథా కావు. తగ్గించిన విలువతో తర్వాతి ప్రాధాన్యానికి చేరతాయి. చూడండి: రాజ్యసభ ఎన్నికలు, కోటా.

న్యాయానికి కొలమానాలు

ఎన్నికల సిద్ధాంతంలో న్యాయం అనేది ఒకే గుణం కాదు. మెజారిటీ కోరిన వ్యక్తి గెలవాలన్నది ఒక కొలమానం. ఒకే రకం అభ్యర్థులు ఇద్దరు నిలబడినంత మాత్రాన ఆ వర్గం నష్టపోకూడదన్నది మరొకటి. ప్రతి ఒక్కరి చేతిలోనూ ముఖాముఖి ఓడిపోయే వ్యక్తి గెలవకూడదు. ప్రతి ఒక్కరినీ ముఖాముఖి ఓడించగల వ్యక్తి ఓడకూడదు. అదనంగా వచ్చిన ఓటు వల్ల ఎవరూ నష్టపోకూడదు. కెనెత్ ఆరో 1951లో నిరూపించినది ఏమంటే, ముగ్గురు లేక అంతకు మించిన అభ్యర్థులు ఉన్నప్పుడు, వరుస ప్రాధాన్యాల మీద నడిచే ఏ పద్ధతీ సమంజసమైన షరతులన్నిటినీ ఒకేసారి తీర్చలేదు. కాబట్టి ‘లోపం లేని పద్ధతేనా’ అని అడగడం వృథా. ఏ లోపం ఎంత తరచుగా వస్తుంది, ఎవరికి నష్టం చేస్తుంది అన్నదే అడగవలసిన ప్రశ్న.

ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత అనే మన శాసనసభ, లోక్‌సభ ఎన్నికల పద్ధతి వీటిలో రెండో, మూడో కొలమానాలలో తప్పగలదు. ఓటు మూడు నాలుగు దారుల్లో చీలితే, మిగిలిన అందరి చేతిలో విడివిడిగా ఓడిపోయే వ్యక్తి సైతం అందులో గెలవవచ్చు. ఎలిమినేషన్ పద్ధతిలో అది సాధ్యం కాదు. చివరి దశలో ఇద్దరే మిగులుతారు. గెలిచిన వ్యక్తి కనీసం ఆ ఒక్కరినైనా ముఖాముఖి ఓడించి తీరాలి. ప్రాధాన్య ఓటుకు ఉన్న గట్టి బలం ఇదే. చీలికను ఎరగా వేసి ప్రత్యర్థి ఓటు విరగ్గొట్టడానికి డమ్మీ అభ్యర్థులను నిలబెట్టే ఎత్తుగడ కూడా ఇక్కడ పెద్దగా పారదు. డమ్మీకి పడిన ఓటు తర్వాతి అంకె వెంట వెనక్కి వస్తుంది. చూడండి: ఆరో సిద్ధాంతం, సాధారణ మెజారిటీ పద్ధతి.

ఆక్షేపణలు

ఓడిన అభ్యర్థికి ఓటు వేసినవారికి రెండో అవకాశం ఇవ్వడం ‘ఒక వ్యక్తికి ఒక ఓటు’ సూత్రానికి విరుద్ధమన్నది అందరికన్నా ముందుగా వినిపించే ఆక్షేపణ. ఇది లెక్కింపును సరిగా చూడకపోవడం వల్ల వచ్చింది. ప్రతి దశలోనూ ప్రతి బ్యాలెట్‌ను ఒక్కసారే లెక్కిస్తారు. మొదటి ప్రాధాన్యం ఇచ్చిన అభ్యర్థి ఇంకా బరిలో ఉంటే ఆ బ్యాలెట్ రెండో దశలోనూ మూడో దశలోనూ ఆ అభ్యర్థికే లెక్కకు వస్తుంది. అభ్యర్థి తప్పుకుంటే మరొకరికి వస్తుంది. ఎవరి బ్యాలెట్ బరువూ పెరగదు. 2018లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, మొదటి ప్రాధాన్యాలలో ముందుండి చివరికి ఓడిన ప్రతినిధుల సభ అభ్యర్థి బ్రూస్ పోలిక్విన్ ఈ వాదనతోనే ఫెడరల్ కోర్టుకెక్కగా కోర్టు దాన్ని తోసిపుచ్చింది. పది, పదిహేను రోజుల తేడాతో రెండు విడతల పోలింగ్ పెట్టే దేశాల్లో తొలివిడతలో ఓడినవారి మద్దతుదారులు రెండో విడతలో మళ్లీ ఓటేస్తే ఎవరూ దాన్ని రెండు ఓట్లనరు. ప్రాధాన్య ఓటు ఆ రెండు విడతలను ఒకే కాగితంపైకి తెచ్చింది, అంతే.

రెండో ఆక్షేపణకు బలం ఉంది. ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని మధ్యేవాద అభ్యర్థి చాలామందికి రెండో ఇష్టమై, కొందరికే మొదటి ఇష్టమైతే, మొదటి అంకెలే లెక్కించే తొలిదశల్లోనే తప్పుకోవలసి వస్తుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు బర్లింగ్టన్ నగరంలో 2009 మేయర్ ఎన్నిక దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మొదటి ప్రాధాన్యాలలో రిపబ్లికన్ కర్ట్ రైట్‌కు 2,951, ప్రోగ్రెసివ్ అభ్యర్థి బాబ్ కిస్‌కు 2,585, డెమోక్రాట్ ఆండీ మాంట్రోల్‌కు 2,063 వచ్చాయి. మాంట్రోల్ మూడో స్థానంలో తప్పుకోగా, చివరి దశలో కిస్ 4,313–4,061 తేడాతో రైట్‌ను ఓడించాడు. బ్యాలెట్లన్నిటినీ ఇద్దరిద్దరి చొప్పున పోల్చి చూస్తే మాంట్రోల్ ఆ ఇద్దరినీ ఓడించేవాడే. అంతేకాదు, రైట్ ఓటర్లలో కొన్ని వందల మంది కిస్‌కు మొదటి అంకె వేసి ఉంటే రైట్ మూడో స్థానానికి జారి, కిస్ మాంట్రోల్‌తో తలపడి ఓడిపోయేవాడు. అంటే ఓట్లు పెరగడమే ఓటమికి కారణమయ్యేది. మరుసటి ఏడాది ఆ నగరం ఈ పద్ధతిని రద్దు చేసుకుంది. 2022 ఆగస్టులో అలాస్కా ప్రతినిధుల సభ ఉప ఎన్నికలోనూ ఇదే జరిగింది: ముఖాముఖిలో మేరీ పెల్టోలానూ సారా పేలిన్‌నూ ఓడించగల నిక్ బెగిచ్ మూడో స్థానంలో ఆగిపోయాడు.

ఈ ఉదాహరణలు నిజమైనవే, వాటిని తక్కువ చేసి చెప్పకూడదు. అయితే వీటి నుంచి ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత అనే పద్ధతే మేలన్న తీర్పు రాదు. బర్లింగ్టన్‌లో ఆ పద్ధతి ఉంటే గెలిచేది రైట్. మాంట్రోల్ చేతిలోనూ కిస్ చేతిలోనూ ముఖాముఖి ఓడిపోయే అభ్యర్థి అతడే. అంటే ప్రాధాన్య ఓటు ఉత్తమ ఫలితాన్ని తప్పినా అధమ ఫలితాన్ని ఆపింది. కాండోర్సే కొలమానాన్నే నేరుగా వాడే పద్ధతులు ఈ లోపాన్ని సరిచేస్తాయి. కాని మొదటివారిని రెండో వారు, రెండో వారిని మూడో వారు, మూడో వారిని మళ్లీ మొదటివారు ఓడించే చక్రం ఏర్పడినప్పుడు వాటికి అదనపు నియమం కావాలి. చేతితో లెక్కపెట్టే చోట వాటిని అమలు చేయడమూ కష్టం. ఎత్తుగడగా ఓటు వేయడానికి ఎక్కడా తావుండకూడదన్న కోరిక కూడా తీరేది కాదని 1973లో గిబ్బర్డ్, 1975లో శాటర్‌త్‌వైట్ వేర్వేరుగా నిరూపించారు. బర్లింగ్టన్ ఓటర్లు 2021లో నగర మండలి ఎన్నికలకు ఈ పద్ధతిని తిరిగి తెచ్చుకున్నారు.

ఆగిపోయే ఓటు

సిద్ధాంత చర్చల్లో తక్కువగా కనబడి, ఆచరణలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే లోపం ఇది. 1 ఒక్కటే వేసిన బ్యాలెట్, ఆ అభ్యర్థి తప్పుకోగానే లెక్కలోంచి జారిపోతుంది. అటువంటివి పెరిగేకొద్దీ ‘మెజారిటీ’ అన్న మాటకు ఆధారం సన్నగిల్లుతుంది. చివరి దశలో సగం దాటడమంటే అప్పటికి మిగిలిన ఓట్లలో సగం దాటడమే తప్ప, పోలైన ఓట్లలో సగం కాదు.

రెండు అధ్యక్ష ఎన్నికలను పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. రెండు చోట్లా 1 తర్వాతి అంకెలు ఐచ్ఛికమే. ఐర్లండ్‌లో 1990లో బ్రయన్ లెనిహన్‌కు 6,94,484, మేరీ రాబిన్సన్‌కు 6,12,265, ఆస్టిన్ కరీకి 2,67,902 మొదటి ప్రాధాన్యాలు వచ్చాయి. కరీని తప్పించినప్పుడు 2,05,565 ఓట్లు రాబిన్సన్‌కు, 36,789 లెనిహన్‌కు వెళ్లాయి. ఆగిపోయినవి 25,548 మాత్రమే, అంటే పదో వంతుకు లోపు. రాబిన్సన్ సాధించిన మెజారిటీని ఎవరూ శంకించలేదు. శ్రీలంకలో 2024 సెప్టెంబరులో అనుర కుమార దిసనాయకెకు 56,34,915, సజిత్ ప్రేమదాసకు 43,63,035 వచ్చాయి. మిగిలిన అభ్యర్థులందరినీ ఒకేసారి తప్పించగా వారికి పడిన 33 లక్షలకు పైగా ఓట్లలో ఈ ఇద్దరికీ చేరినవి కలిపి 2.73 లక్షలే. దిసనాయకె 57,40,179తో గెలిచారు. ఆయన ఆధిక్యం స్పష్టమే. ఆయన విజయాన్ని ఇది తగ్గించదు. కాని చెల్లిన మొత్తం ఓట్లలో అది సుమారు 43 శాతమే. అక్కడి చట్టం మూడు ప్రాధాన్యాలకు చోటిచ్చినా, 1982 నుంచి రెండో లెక్కింపు అవసరం పడిన ఎన్నిక అదే మొదటిది. ఒక్క అభ్యర్థి ఎదుట × గుర్తు వేసినా ఓటు చెల్లుతుంది. ఐర్లండ్‌లోనైతే ఓటర్లకు ఏక ఓటు బదిలీ తరతరాల అలవాటు. పైగా కరీ పార్టీ ఫైన్ గేల్, రాబిన్సన్‌ను నిలబెట్టిన లేబర్ తమ ఓట్లు ఒకరికొకరు బదిలీ చేయించుకోవాలని ముందే ఒప్పందం చేసుకున్నాయి. నిబంధన ఒకటే అయినా అలవాటు, ప్రచారం వేరు కావడంతో ఫలితాల బలం ఇంత మారింది.

తప్పనిసరిగా అన్ని అంకెలూ వేయించడం ఆస్ట్రేలియా ఎంచుకున్న మందు. దిగువసభ ఎన్నికలో ప్రతి గడిలోనూ అంకె ఉండాలి. ఓటు ఆగిపోవడమన్నదే ఉండదు. కాని వరుస తప్పినవీ ఖాళీగా వదిలినవీ కలిసి సుమారు 5 శాతం ఓట్లు అక్కడ చెల్లకుండా పోతున్నాయి. అభిప్రాయం లేని అభ్యర్థులకు కూడా అంకె వేయవలసి రావడం పై నుంచి కిందికి వరుసగా అంకెలు గీసేసే ధోరణిని పెంచింది. సెనేట్‌లో ఈ భారం తగ్గించడానికి పార్టీ గడిలో ఒక్క అంకె వేస్తే మిగతా వరుసను పార్టీయే నింపే ఏర్పాటు 1984లో తెచ్చారు. దాని ఫలితంగా 2013లో విక్టోరియా నుంచి రికీ ముయిర్ సుమారు 0.51 శాతం మొదటి ప్రాధాన్యాలతో సెనేటర్ అయ్యారు. చిన్న పార్టీలు తమలో తాము కుదుర్చుకున్న బదిలీలే ఆయన్ను గెలిపించాయి. ఓటరు ఎంపికను పార్టీ చేతికి అప్పగించడం ఓటు ఆగిపోవడంకన్నా పెద్ద అన్యాయం. 2016లో ఆ ఏర్పాటును తీసివేసి, ఓటరే కనీసం కొన్ని అంకెలు వేయాలని సూచించే పద్ధతి తెచ్చారు. ఓటును నిలబెట్టే ప్రయత్నం ఓటరును పక్కకు నెట్టకూడదని అక్కడ అనుభవం మీద తెలిసింది.

తెలుగు రాష్ట్రాలలో

సాధారణ ఓటర్లు నేరుగా పాల్గొనే ప్రాధాన్య ఓటు మన రాష్ట్రాలలో పట్టభద్రుల, ఉపాధ్యాయుల మండలి స్థానాలకే పరిమితం. పోలింగ్ కేంద్రంలో బ్యాలెట్‌తో పాటు ఊదా రంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. దానితోనే రాయాలి. 1 అంకె ఒక్కరి ఎదుటే, తప్పనిసరిగా ఉండాలి. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, ‘ఒకటి’ అని అక్షరాలలో రాసినా ఓటు చెల్లదు. 2 నుంచి ఐచ్ఛికం. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు. దినపత్రిక పుటంత బ్యాలెట్లు, వాటికి జంబో పెట్టెలు వాడవలసి వచ్చింది. మార్చి 17న మొదలైన లెక్కింపు 20వ తేదీకి గాని ముగియలేదు. సురభి వాణీదేవి గెలిచారు. ఇంతమందిలో అన్ని అంకెలూ వేయడం అసాధ్యం. నాలుగైదు పేర్ల దగ్గర ఆగిన ఓటును తప్పుపట్టలేం.

ఓటు తర్వాతి అంకెలతో కదిలితే ఏమవుతుందో 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానం చూపింది. మొదటి ప్రాధాన్యాలలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి స్వల్పంగా ముందున్నారు. రెండో ప్రాధాన్య ఓట్లపై ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్)తో అవగాహన కుదుర్చుకున్న టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి బదిలీలలో ఆయన్ను దాటి 7,543 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ముందున్నవారిని వెనుకకు నెట్టడం అన్యాయమన్న వాదన అప్పుడూ వినిపించేదే. సగానికన్నా ఎక్కువమంది మొదటి అంకె మరెవరికో వేసినప్పుడు, ముందుండటమే గెలుపు హక్కు కాదు. మిగిలిన ఇద్దరిలో ఎవరు మేలన్నది ఆ ఓటర్లే అంకెలతో చెప్పారు.

ఈ నిబంధనలలో సరిచేయవలసినవి ఉన్నాయి. ఒకే అభ్యర్థి ఎదుట టిక్కు పెట్టిన ఓటరు ఉద్దేశం స్పష్టమే అయినా చదువుకున్నవారి ఎన్నికలోనే ఆ ఓటు బుట్టదాఖలవుతోంది. 1 తర్వాత అంకెలు వేస్తే తన మొదటి అభ్యర్థికి నష్టమన్న అపోహ కూడా ఓటును ఆపుతోంది. ఆ అభ్యర్థి బరిలో ఉన్నంతసేపు ఒకే స్థానపు ఎన్నికలో రెండో అంకెను తెరిచి చూడరు గనుక, దానివల్ల ఆ అభ్యర్థికి ఒక్క ఓటు కూడా తగ్గదు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకు ఈ విధానాన్ని విస్తరించాలంటే, ఒక్క మీట నొక్కడానికే తయారైన ఓటింగ్ యంత్రాలను మార్చడం ఒక పని. పోటీదారులు పదుల్లో ఉండే స్థానాల్లో ఎన్ని అంకెలకు చోటివ్వాలి, గుర్తులను చూసి ఓటు వేసే అలవాటున్న కోట్లాది మందికి వరుస అంకెలను ఎలా నేర్పాలి అన్నవి అంతకన్నా ముందు తేల్చవలసినవి. చూడండి: శాసనమండలి, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం, చెల్లని ఓట్లు.